ఆరేళ్ళ పన్ను

మొదట అది ఆవగింజంత నల్ల చుక్క.

పద్నాలుగు రోజులు సముద్రం మీద
సాల్మన్ చేపలకు మేత చల్లి,
పద్నాలుగు రోజులకు ఇల్లు చేరే మనిషిని నేను.
జేబు నిండా పాకం బిళ్ళలు తెస్తాను.
ఐలెన్ నోరు తెరిచి చూపించింది.
"పాలపన్నే కదా, ఎలాగూ ఊడిపోతుంది" అన్నాను.
అన్నానా?
అన్నాను.
పొయ్యి పక్కన మేజోళ్ళు ఆరేస్తూ,
సరిగ్గా చూడకుండానే అన్నాను.

ఐలెన్ అంటే నిప్పుకణిక అని
మా అమ్మ ఎర్మెలిండా చెబుతుంది.
మంగళవారం రాత్రి బుగ్గ మీద చెయ్యేస్తే
పేరు నిజమైంది.

బుధవారం అమ్మ ఉప్పు వేయించి
నా మేజోడులో పోసి కాపడం పెట్టింది.
లవంగం నూనె దూది అద్దింది.
గురువారానికి కన్ను సగం మూతపడింది.
ఎడమవైపు నా కూతురు,
కుడివైపు ఎవరో కోపిష్టి ముసలమ్మ.

కష్టాన్ని పంటి బిగువున ఓర్చుకోవాలంటారు.
కష్టం పంటిలోనే కాపురముంటే
దేన్ని బిగించాలి?
దవడ రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోదు.
పులుసు చెంచాతో పోస్తే
సగం గడ్డం మీదుగా కారింది.

రేవు మూసేశారు.
ఉత్తరపు గాలి, చిన్న పడవలు కదలకూడదని
రేడియోలో నౌకాదళం వాడి గొంతు,
పప్పు ధరలు చదివినట్టు.
కాస్త్రో ఆసుపత్రికి గంటన్నర నీళ్ళ దారి.
గాలిని తిట్టాను.
తిట్టి, కాసేపాగి, బతిమాలాను.
బాసిలియో తన పడవ తాడు రెండోసారి బిగించి కట్టి
నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

మా దీవికున్న ఒక్క నర్సు, నిద్రలేని కళ్ళతో,
బాల్‌పెన్ తీసి
ఎర్రదనం అంచు వెంట ఐలెన్ బుగ్గ మీద గీత గీసింది.
"ఈ గీత దాటితే నన్ను లేపు.
మింగలేకపోయినా, ఊపిరి గురకలా వినిపించినా లేపు."

రాత్రంతా టార్చ్ పట్టుకుని
ఒక గీతకు కాపలా కాశాను.
ఎనిమిదేళ్ళ బుగ్గ మీద తీరరేఖ.
పోటు ఎక్కడిదాకా వచ్చిందో
ఇంత శ్రద్ధగా ఏ సముద్రాన్నీ చూడలేదు.
పదకొండింటికి గీత లోపలే.
ఒంటిగంటకు గీత మీద.
రెండున్నరకు దాటింది,
దవడ కిందికి, గొంతు దారి పట్టి.

నౌకాదళం పడవ వచ్చింది.
ఆ ప్రయాణం గురించి రాయను.
నా ఒళ్ళో తల, దాని నోటి వాసన,
అది మాత్రం
నా చొక్కాకి ఇప్పటికీ ఉందనిపిస్తుంది.

చీము తీశారు. సెలైన్ కట్టారు.
పన్ను మూడు ముక్కలుగా వచ్చింది.
దంతవైద్యురాలు చిన్న గిన్నె నా ముందుంచి అడిగింది:
"ఇది పాలపన్ననుకున్నారా?"
తల ఊపాను.
"అందరూ అలాగే అనుకుంటారు.
ఆరో ఏట, అన్నిటికన్నా వెనక,
ఏ పన్నూ ఊడకుండా వస్తుంది.
చప్పుడు చెయ్యదు.
మళ్ళీ రాదు."

ఆరో ఏట.
లెక్కేసుకున్నాను.
ఆ చలికాలం రెండు షిఫ్టులు కలిపి చేశాను,
వంటింటికి రేకులు వేయించాలని.
నా కూతురి నోట్లోకి
బతుకంతా తోడుండాల్సింది ఒకటి వచ్చి కూర్చుంటే
ఇంట్లో నేను లేను.
రేకులు మాత్రం బాగానే ఉన్నాయి.

మూడో రోజు నోరు కొంచెం తెరుచుకుంది.
మొదటి మాట:
"ముక్కలైన పన్నుకి ఎలుక డబ్బులిస్తుందా నాన్నా?"
ఇస్తుందన్నాను.
"ముక్కకింతా, మొత్తానికా?"
వాళ్ళమ్మ కిటికీ వైపు తిరిగి
భుజాలు కదిలేలా నవ్విందో, ఏడ్చిందో.

వాపు వెనక్కి తగ్గింది,
ఆటుకి నీళ్ళు తగ్గినట్టు, కాస్త కాస్త.
ఒడ్డున ఆ నీలి గీత మిగిలింది.
ఇంటికొచ్చాక సబ్బు, గుడ్డ పట్టుకుంటే
చెయ్యి తోసేసింది.

చెరపొద్దట.
సోమవారం బడిలో చూపించాలట.